నాలుగో గంట అంకె

ఒక ఊళ్లో తీసిన న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్‌ను ఇంకో ఊళ్లో చదవమని పంపడం మామూలే. ఎక్స్‌రే అయితే పెద్ద చిక్కు లేదు, విరిగిన ఎముక ఎక్కడ తీసినా విరిగినట్టే కనిపిస్తుంది. ఈ స్కాన్లలో చాలావాటికి బొమ్మకంటే అంకె ముఖ్యం. ఆ అంకెకు అర్థం వచ్చేది తీసిన పద్ధతిని బట్టి. రోగి ఏం తిన్నారు, ట్రేసర్ అనే రేడియోధార్మిక పదార్థం ఎప్పుడు ఇచ్చారు, కెమెరా ఎటువైపు పెట్టారు, ఎన్నో నిమిషంలో బొమ్మ తీశారు: ఇందులో ఏది మారినా అంకె మారుతుంది. మరి పద్ధతి తప్పిన స్కాన్ చేతికొస్తే ఏం చేయాలి? తిప్పి పంపాలా, ఉన్నంతలో చదవాలా? ఈ విషయంలో అనుభవజ్ఞులే రెండుగా చీలతారు. రెండు వైపులా విలువైన వాదన ఉంది కాబట్టి సంవాదంగా రాస్తున్నాను. కేసు నేను కూర్చినదే. అందులోని చిక్కులు మాత్రం నిజమైనవి.

రోగి యాభై దాటిన స్త్రీ. పదిహేనేళ్లుగా షుగర్. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుంది, కొన్నాళ్లుగా వాంతులు. పొట్ట ఖాళీ అయ్యే వేగం తగ్గిందేమోనని అనుమానం. డాక్టర్లు దాన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. పరీక్షలో ట్రేసర్ కలిపిన భోజనం పెట్టి, పొట్టలో ఎంత మిగిలిందో కొలుస్తారు. ఆ భోజనం మామూలుగా గుడ్డు తెల్లసొన. ఆమె గుడ్డు ముట్టరు. వేరే ఊరి సెంటర్లో తీసిన స్కాన్ రిపోర్టులో "నాలుగు గంటలకు పొట్టలో మిగిలినది 9.5 శాతం, సాధారణం" అని ఉంది. ఆమెకు వైద్యం చేస్తున్న గ్యాస్ట్రో డాక్టరుకు నమ్మకం కుదరక సీడీ ఇచ్చి పంపారు. మాట్లాడుకుంటున్నది ఇద్దరు: రిపోర్టు మీద సంతకం పెట్టాల్సిన సీనియర్ డాక్టరు, అదే విభాగంలో పనిచేసే మెడికల్ ఫిజిసిస్టు.

డాక్టరు: ఈ సీడీ తిప్పి పంపేద్దాం. చదవడానికి వీలుగా లేదు, మళ్లీ తీయించండి అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఫిజిసిస్టు: మొత్తం చూశారా మేడమ్?

డాక్టరు: చూశాకే అంటున్నాను. తెల్లసొన బదులు ఇడ్లీ పెట్టారు. ముందువైపు నుంచే తీశారు, వెనకవైపు బొమ్మే లేదు. తినడం ఎనిమిదిన్నరకి అయిపోయిందని రాశారు, మొదటి బొమ్మ మీద టైము ఎనిమిదీ యాభై ఐదు. ఆ పూట షుగర్ ఎంతో రాయలేదు. పొట్టను త్వరగా ఖాళీ చేయించే డోంపెరిడోన్ మందు ఆపారో లేదో రాయలేదు. ఇన్ని వదిలేసి చివర్లో 9.5 శాతం అని దశాంశంతో సహా రాశారు. నాకు కోపం తెప్పించేది ఆ దశాంశం.

ఫిజిసిస్టు: కోపం సరే. కానీ ఈ పరీక్ష పద్ధతి మీద 2008లో వచ్చిన ఏకాభిప్రాయ పత్రానికి ముందు ప్రపంచమంతా ఇలాగే తీసింది కదా. 1966లో కార్డిఫ్‌లో మొదటిసారి చేసినప్పుడు క్రోమియం-51 వాడారు. 1976లో అమెరికాలో ఒక బృందం బతికున్న కోడికి ట్రేసర్ ఎక్కించి, దాని కాలేయం వండి రోగులకు పెట్టింది. ట్రేసర్ కాలేయ కణాల్లో గట్టిగా ఇరుక్కుని బయటికి రాదని అలా చేశారు. తర్వాత గుడ్లు, మాంసం కూర, ఓట్స్ జావ, ఎవరికి వీలైంది వాళ్లు పెట్టారు. ఇప్పుడు మనం ప్రామాణికం అంటున్నది ఆ వంటకాల్లో ఒకటి.

డాక్టరు: అందుకే కదా ఒక్కచోట కూర్చుని ఒకటి ఎంచుకున్నది! ఒక ఆసుపత్రిలో జబ్బు అన్నది పక్క ఆసుపత్రిలో ఆరోగ్యం అవుతుంటే రోగి ఏమైపోవాలి? కొవ్వు లేని తెల్లసొన, రెండు బ్రెడ్డు ముక్కలు, కొంచెం జామ్, 120 మిల్లీలీటర్ల నీళ్లు. మొత్తం 255 కేలరీలు. పది నిమిషాల్లో తినాలి. తిన్న వెంటనే ఒక బొమ్మ, తర్వాత ఒకటి, రెండు, నాలుగు గంటలకు. రెండు గంటలకు 60 శాతం కన్నా ఎక్కువ మిగిలినా, నాలుగు గంటలకు 10 శాతం కన్నా ఎక్కువ మిగిలినా ఆలస్యం అంటాం. ఈ అంకెలకు ఆధారం 2000లో వచ్చిన ఒక అధ్యయనం, ఆరోగ్యంగా ఉన్న 123 మంది. వాళ్లు తిన్నది ఆ భోజనం. ఆ 10 శాతం ఆ పళ్లెంలోంచి పుట్టిన అంకె. దాన్ని తెచ్చి ఇడ్లీకి అంటిస్తే ఎలా?

ఫిజిసిస్టు: అయితే ఈవిడను ఏం చేద్దాం? మళ్లీ తీయించండి అని మీరు రాస్తారు. ఆవిడ మళ్లీ వస్తారు. గుడ్డు తినరు. మనమూ ఇడ్లీయే పెడతాం. అదీ ప్రామాణికం కాదు. మీ నియమం ప్రకారం ఈవిడకు ఈ పరీక్షే లేదు. మన దగ్గర ఇలాంటివాళ్లు ఒకరిద్దరా?

డాక్టరు: ఇది సరైన ప్రశ్న. ఇడ్లీ పెట్టడం తప్పని నేను అనడం లేదు. మన దేశంలోనే కొన్ని సెంటర్లు గుడ్డు లేని భోజనం తయారుచేసుకుని, ఆరోగ్యవంతులకు పెట్టి కొలిచి, ఎంతవరకు సాధారణమో ప్రచురించాయి. అది పద్ధతి మార్చడం. మార్చినదాన్ని మళ్లీ కొలుచుకుని స్థిరపరచుకోవడం. ఇక్కడ జరిగింది వేరు. భోజనం మార్చి, పాత భోజనపు హద్దు మాత్రం అరువు తెచ్చుకున్నారు. పైగా ట్రేసర్ ఇడ్లీలో ఎలా కలిపారో ఒక్క ముక్క రాయలేదు. పిండిలో కలిపి ఆవిరి మీద ఉడికించారా, ఉడికిన ఇడ్లీ మీద చుక్కలు వేశారా?

ఫిజిసిస్టు: అది నన్నూ కలవరపెట్టింది. తెల్లసొనతో కలిపి వండితే మాంసకృత్తు గడ్డకట్టేటప్పుడు ట్రేసర్ అయిన సల్ఫర్ కొల్లాయిడ్ అందులో చిక్కుకుంటుంది. పైన చల్లితే పొట్టలోని రసానికి ఊడి నీళ్లలో కలుస్తుంది. అప్పుడు కెమెరా కొలిచేది ఇడ్లీ వేగం కాదు, నీళ్ల వేగం. పొట్ట ఘనాహారాన్ని ముందు ఒకటి రెండు మిల్లీమీటర్ల తునకలుగా నూరుకుంటుంది, అందాకా కిందికి వదలదు. నీళ్లకు ఆ ఆలస్యం లేదు, వెంటనే మొదలవుతుంది. షుగర్ రోగుల్లో ఘనాహారం నిలిచిపోతున్నా నీళ్లు మామూలుగానే దిగడం తరచూ చూస్తాం.

డాక్టరు: మరింకేం, మీరే చెప్పారు. తిప్పి పంపేద్దాం.

ఫిజిసిస్టు: ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. ఈ సీడీలో తెర మీది ఫొటోలు మాత్రమే ఉండుంటే నేనూ చేతులెత్తేసేవాణ్ని. ఇందులో రా డేటా ఉంది. ప్రతి బొమ్మకూ లెక్కలు, ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు తీశారు, అన్నీ ఉన్నాయి. నేను వాళ్ల శాతం పక్కనపెట్టి మొదటినుంచి లెక్కేశాను. ముందు చూసింది డికే కరెక్షన్.

డాక్టరు: అది సాఫ్ట్‌వేర్ చేసేస్తుందిగా.

ఫిజిసిస్టు: చేయమంటేనే చేస్తుంది. ట్రేసర్లోని టెక్నీషియం-99ఎం ఆరు గంటలకు సగమైపోతుంది. పొట్టలోంచి ఒక్క మెతుకు కదలకపోయినా నాలుగు గంటలకు లెక్క 63 శాతానికి పడిపోవాలి. కరెక్షన్ జరిగిందో లేదో వాళ్ల రిపోర్టు చెప్పదు, కానీ బొమ్మలే చెబుతాయి. ఈ ట్రేసర్ రక్తంలోకి వెళ్లదు. పొట్టలో లేకపోతే పేగుల్లో ఉంటుంది. కాబట్టి పొట్ట, పేగులు కలిపి మొత్తం ఉదరం చుట్టూ గీత గీసి కూడితే లెక్క దాదాపు మారకూడదు. నేను గీశాను. మొదటి బొమ్మతో పోలిస్తే గంటకి 89, రెండు గంటలకి 79, నాలుగు గంటలకి 63 చిల్లర. అంటే డేటా కరెక్ట్ చేయనిది. వాళ్ల శాతం ఎలా వచ్చిందో చూద్దామని అదే డేటాలో పొట్ట మీద గీత గీసి నేరుగా భాగించాను. అచ్చం 9.5 వచ్చింది.

డాక్టరు: అంటే కరెక్షన్ లేకుండానే భాగించారు.

ఫిజిసిస్టు: అవును. 9.5ని 0.63తో భాగిస్తే 15. ఇంకో సవరణ ఉంది. మొదటి బొమ్మ ఆలస్యం కావడం వల్ల అప్పటికే కొంత ఆహారం పేగులోకి దిగింది. అదీ మొదట పొట్టలో ఉన్నదే కాబట్టి నూరు శాతంలో దాన్ని కలపాలి. కలిపితే 14. ఇప్పుడు చెప్పండి, 9.5 సాధారణం అన్న రిపోర్టు ఆవిడ ఫైల్లో అలాగే ఉండాలా? చదవలేం అని మీరు తిప్పి పంపితే మిగిలే ఒకే ఒక్క రిపోర్టు అది.

ఇక్కడ నా మాట ఒకటి. "చదవడానికి వీల్లేదు" అన్నది తటస్థమైన మాటలా వినిపిస్తుంది. రోగి ఫైల్లో అంతకుముందే తప్పుడు రిపోర్టు ఉన్నప్పుడు అది తటస్థం కాదు. వాంతులు మనసులోంచి వస్తున్నాయని ఎవరో అనడానికి ఆ "సాధారణం" చాలు. ఆ మనిషి బాధను నమ్మకపోవడానికి ఒక కాగితం దొరికినట్టవుతుంది. ఈ విషయంలో నేను ఫిజిసిస్టు పక్షమే. అయినా డాక్టరు ఆ తర్వాత చెప్పినదాన్ని దాటిపోలేను.

డాక్టరు: ఒప్పుకుంటున్నాను. 9.5 నిలవదు. అది జబ్బు లేదని చెప్పే అంకె కాదు, సవరించడం మరిచిన అంకె. కానీ మీరు అక్కడ ఆగడం లేదు. పద్నాలుగు కాబట్టి ఆలస్యం అని రాయమంటారు.

ఫిజిసిస్టు: రాయొచ్చనే అంటాను. చూడండి, తప్పు జరిగిందంటే ఫలితం చెత్త అని కాదు. ఆ తప్పు అంకెను ఎటు లాగుతుందన్నది ప్రశ్న. కొట్టువాడి తక్కెడ ఎప్పుడూ తక్కువే తూస్తుందని తెలిస్తే, దాని మీద కిలో దాటిన సరుకు కచ్చితంగా కిలో దాటినట్టే. ఇక్కడా అంతే. ట్రేసర్ ఊడి నీళ్లలో కలిసిందనుకోండి, పొట్ట నిజానికన్నా త్వరగా ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. డోంపెరిడోన్ వేసుకుని ఉంటే ఇంకా త్వరగా. చివరి బొమ్మ మొదటి బొమ్మకు సరిగ్గా నాలుగు గంటలకు తీశారు, అంటే తిన్న నాలుగు గంటలా ఇరవై ఐదు నిమిషాలకు. ఖాళీ కావడానికి పొట్టకు అదనపు సమయం దొరికింది. ఈ మూడూ సాధారణం వైపే లాగుతాయి. అలా లాగినా పద్నాలుగు మిగిలిందంటే నిజం అంతకన్నా ఎక్కువే ఉండాలి.

డాక్టరు: మీరు ఒక పక్కవే ఏరుకొచ్చారు. రెండో పక్క నేను చెబుతాను. ముందువైపు నుంచి మాత్రమే తీశారు. తిన్నది మొదట పొట్ట పైభాగంలో చేరుతుంది, అది వెన్ను వైపు ఉంటుంది. తర్వాత కిందికి, ముందుకి జరుగుతుంది. 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం సుమారు ఐదు సెంటీమీటర్ల కండ దాటేసరికి సగమవుతుంది. అంటే మొదటి బొమ్మలో ముందున్న కెమెరాకి తక్కువ కనిపించింది, చివరి బొమ్మలో ఎక్కువ కనిపించింది. మిగిలినది ఉన్నదానికన్నా పెద్దదిగా తేలుతుంది. ముందు లెక్కనీ వెనక లెక్కనీ గుణించి వర్గమూలం తీసేది దీన్ని సరిచేయడానికే. వెనక బొమ్మ లేదు కాబట్టి మీ ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పుట్టించలేదు. పోనీ ఒకటే కెమెరా ఉంటే ఎడమ పక్కకి వాల్చి తీయొచ్చు. అదీ తీయలేదు.

ఫిజిసిస్టు: అది నిజమే.

డాక్టరు: షుగర్ సంగతి? ఆ పూట రక్తంలో చక్కెర ఎక్కువుంటే పొట్ట దానంతటదే మందగిస్తుంది. అందుకే 275 మిల్లీగ్రాములు దాటితే పరీక్ష వాయిదా వేయమంటారు. పదిహేనేళ్ల షుగర్ రోగి, పరగడుపున వచ్చారు, ఉదయం మందో ఇన్సులినో మానేసి వచ్చారేమో. ఎవరికి తెలుసు? ఇడ్లీతో చట్నీ వేశారా? కొబ్బరి చట్నీలోని కొవ్వు పొట్టను ఆపుతుంది. మీ తక్కెడ ఒకే పక్కకి మొగ్గితే మీ వాదన నిలుస్తుంది. ఇది రెండు పక్కలకీ ఊగుతోంది, ఎటు ఎంతో తెలియదు. మిగిలింది 45 శాతం అయ్యుంటే నేనే ఆలస్యం అని రాసేదాన్ని. మీ చేతిలో ఉన్నది 14. హద్దుకు నాలుగంటే నాలుగు శాతం అవతల. ఆ హద్దు కూడా ఈ భోజనానిది కాదు.

ఫిజిసిస్టు: (కాసేపాగి) సరే. 14ని ఆలస్యం అనలేం. కానీ మీ మొదటి మాట కూడా నిలవదు మేడమ్. చదవడానికి వీల్లేదన్నారు. చదివాం కదా! సాధారణం అన్న మాట ఎగిరిపోయింది. ఒక స్కాన్ ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయినా ఇంకో ప్రశ్నకు చెబుతుంది. కిడ్నీ రెనోగ్రామ్‌లు మీరెన్ని చదివారు? కిడ్నీ ఉబ్బిన పసిపిల్లలకు మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ సూది వేసే టైము ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొందరు ట్రేసర్‌తో పాటే, కొందరు ఇరవై నిమిషాలకు. టైము మారితే ఖాళీ అయ్యే వేగాన్ని ఒకదానితో ఒకటి పోల్చకూడదు. కానీ ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందన్న వాటా మొదటి రెండు మూడు నిమిషాల్లోనే తేలిపోతుంది. ఇరవయ్యో నిమిషంలో ఇవ్వాల్సిన సూది ఇవ్వకపోయినా ఆ వాటా చెక్కుచెదరదు. ఆ స్కాన్‌నూ తిప్పి పంపుతారా?

డాక్టరు: లేదు. వాటా రాస్తాను, వేగం గురించి రాయను. ఒంట్లో నీళ్లు తక్కువై, మూత్రసంచి నిండి ఉండి కూడా కిడ్నీ చక్కగా ఖాళీ అయితే అడ్డం లేదని ధైర్యంగా రాస్తాను. ఖాళీ కాకపోతే మాత్రం అడ్డం ఉందని రాయను. అదే పరిస్థితిలో మామూలు కిడ్నీ కూడా నెమ్మదించొచ్చు కాబట్టి.

ఫిజిసిస్టు: నేను చెప్పేదీ అదే. 2020లో కోవిడ్ భయానికి ఊపిరితిత్తుల స్కాన్‌లో గాలి పీల్పించే భాగం మానేసి, రక్తప్రసరణ భాగం ఒక్కటే తీయమన్నారు. అదీ సగం పరీక్షే. కానీ రక్తప్రసరణ అంతటా మామూలుగా ఉంటే రక్తం గడ్డ లేదని చెప్పేయొచ్చు. ఎక్కడైనా లోపం కనిపిస్తేనే చిక్కు, అది గడ్డ వల్లో న్యుమోనియా వల్లో తేల్చలేం. 2009 మేలో కెనడాలోని ఎన్‌ఆర్‌యూ రియాక్టరు ఆగిపోయి మరుసటేడు ఆగస్టు దాకా టెక్నీషియం తయారీకి కావాల్సిన మాలిబ్డినం కరువొచ్చింది. అప్పుడు చాలా చోట్ల డోసు తగ్గించి బొమ్మ ఎక్కువసేపు తీశారు. లెక్కలు సరిపడా వచ్చాయి, అర్థం మారలేదు. ఒక్కో మార్పు ఒక్కో రకం. అన్నిటికీ ఒకే ముద్ర వేయకూడదంటాను.

డాక్టరు: కొన్ని మార్పులు అస్సలు కనపడవని మర్చిపోతున్నారు. పెట్ స్కాన్‌లో చక్కెర ట్రేసర్ ఇచ్చిన గంటకి ఒకసారి, ఇంకోసారి గంటన్నరకి తీస్తే చాలా కణుతుల్లో ట్రేసర్ ఎంత చేరిందో చెప్పే ఎస్‌యూవీ అంకె దానంతటదే పెరుగుతుంది. బొమ్మ చూస్తే ఏ తేడా తెలియదు, రెండూ చక్కటి బొమ్మలే. రిపోర్టులో ఆరు, తర్వాత ఎనిమిది. మందు పనిచేయట్లేదని కీమో మార్చేస్తారు. వంకర బొమ్మకు ఎవరైనా జాగ్రత్తపడతారు. నాకు భయం అందంగా వచ్చిన బొమ్మతోనే. అందుకే ఈవిడ రిపోర్టులో ఆ 14 అన్న అంకె ఉండకూడదంటున్నాను.

ఫిజిసిస్టు: అంకె లేకుండా ఎలా? ఏ లెక్కతో 9.5ని కొట్టేశామో చెప్పొద్దా? ఆ సెంటరు వాళ్లు అడిగితే? రేపు మన స్కాన్ వచ్చాక దేనితో పోలుస్తారు?

డాక్టరు: దేనితోనూ పోల్చకూడదు. అదే నా బాధ. నేను కింద నాలుగు షరతులు రాసినా చదివేవాళ్లు అంకెనే తీసుకెళ్తారు. ఆరు నెలల తర్వాత ఎవరో "అప్పుడు 14, ఇప్పుడు 11, మెరుగైంది" అని రాస్తారు. షరతులు ఆ వాక్యంలోకి రావు.

ఫిజిసిస్టు: అంకె దాచితే మన మాట మీద నమ్మమని అడిగినట్టే. అది వాళ్లు చేసిన దానికన్నా మెరుగెలా అవుతుంది? వాళ్లు లెక్క చూపించలేదు, మనమూ చూపించకపోతే ఇద్దరికీ తేడా ఏముంది?

డాక్టరు: లెక్క చూపించండి. ప్రాసెసింగ్ వివరాల్లో మొత్తం రాయండి: ఉదరం మొత్తం లెక్క గంటగంటకీ ఎంత పడింది, కరెక్షన్ లేదని ఎలా తేలింది, సవరిస్తే ఎంత వచ్చింది, వెనక బొమ్మ లేనందువల్ల సవరించలేనిది ఏమిటి. ముగింపులో మాత్రం మూడు వాక్యాలు. మునుపటి రిపోర్టులోని సాధారణం అన్న నిర్ణయానికి డేటాలో ఆధారం లేదు. ఈ స్కాన్‌తో ఆలస్యం ఉందని గానీ లేదని గానీ తేల్చలేం. మళ్లీ తీయాలి. దానికి నేను సంతకం పెడతాను.

ఫిజిసిస్టు: ముగింపు ఒక్కటే చదివి ఫైలు మూసేసేవాళ్లకు పద్నాలుగు కనపడదు. నాకు పూర్తిగా ఒప్పుదల లేదు.

డాక్టరు: ఉండక్కర్లేదు. గ్యాస్ట్రో డాక్టరుకు ఫోన్ చేసి నేనే చెబుతాను, మీ అభ్యంతరంతో సహా. ఇప్పుడు మళ్లీ తీయడం సంగతి చూడండి. ఆవిడకి ఇంకో పూట పస్తు, తోడొచ్చేవాళ్లకి ఇంకో రోజు కూలి పోతుంది. రేడియేషన్ ఒక మిల్లీసీవర్ట్‌కు లోపే కాబట్టి దాని గురించి దిగులు లేదు. ఈసారి ఒక్కటి కూడా తప్పకూడదు.

ఫిజిసిస్టు: ట్రేసర్ పిండిలో కలిపి ఉడికిస్తాను. ముందురోజే ఒక ఇడ్లీ చేసి, ముక్క తీసి ఆమ్లంలో నానబెట్టి, కదిపి, వడకట్టి, నీళ్లలోకి ఎంత దిగిందో కొలుస్తాను. ఎక్కువ దిగితే పరీక్ష వాయిదా. ప్రచురించిన ఇడ్లీ హద్దులు వాడాలంటే వాళ్లు పెట్టినంత బరువు, వాళ్లు వండినట్టే వండాలి. చట్నీ, నెయ్యి, కారప్పొడి ఏవీ వద్దు. ముందు, వెనక రెండు బొమ్మలూ ఒకేసారి తీద్దాం. గడియారం చివరి ముద్ద మింగినప్పటి నుంచి.

డాక్టరు: డోంపెరిడోన్ రెండు రోజుల ముందే ఆపమని ఆవిడకే ఫోన్ చేసి చెప్పండి, చీటీ మీద రాసి ఊరుకోవద్దు. నొప్పికి ట్రమడాల్ లాంటివి వాడుతున్నారేమో అడగండి, అవి పొట్టను ఆపేస్తాయి. రాగానే షుగర్ చూసి ఫారం మీద రాయండి. ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో నేను ఆవిడ డాక్టరుతో మాట్లాడతాను. ఇంకొకటి, పళ్లెంలో ఎంత వదిలేశారో కూడా రాయాలి. నాలుగు ముద్దలకే కడుపు నిండే మనిషి అన్నీ తినేస్తారని అనుకోవద్దు.

ఫిజిసిస్టు: సగం వదిలేస్తే?

డాక్టరు: అప్పుడు అదీ ప్రామాణికం కాని స్కానే అవుతుంది. మళ్లీ ఇలాగే కూర్చుని వాదించుకుంటాం. కాకపోతే ఆ రోజు మన చేతిలో వెనక బొమ్మ ఉంటుంది.